పాత టెక్నాలజీ థ్రిల్లర్‌ని ఇప్పటి పిల్లలతో కూర్చుని చూడటం ఎలా

చేతిలో ఫోన్‌తో పెరిగిన పిల్లల ముందు 1983 నాటి కంప్యూటర్ సినిమా పెడితే మొదటి పావుగంటలోనే రెండు సంగతులు జరుగుతాయి. ఎనిమిది అంగుళాల ఫ్లాపీని చూసి నవ్వుతారు. ఆ వెంటనే ఎవరో ఒకరు "ఫోన్ చేసి చెప్పేయొచ్చు కదా, ఎందుకలా పరిగెడుతున్నాడు?" అంటారు. ఈ రెండు చోట్లా పిల్లల్ని పట్టుకుని ముందుకు నడిపిస్తే సినిమా చివరిదాకా నిలబడుతుంది. వదిలేస్తే ఎవరి ఫోన్ వాళ్ల చేతిలోకి వచ్చేస్తుంది, ఇక ఎంత పిలిచినా టీవీ వైపు చూడరు.

నాకు ఈ సినిమాలంటే ప్రాణం. అందుకు నా ఉద్యోగమే కారణం. గుంటూరు ట్రంక్ ఎక్స్ఛేంజ్‌లో, అంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఫోన్లు కలిపే చోట, ఆపరేటర్‌గా చేరి, విజయవాడలో రిటైరయ్యాను. డెబ్బైల నుంచి తొంభైల దాకా వచ్చిన టెక్నాలజీ థ్రిల్లర్లలో సగం కథ టెలిఫోన్ లైన్ మీదే నడుస్తుంది. ఎవరు ఎవరికి చేశారు, మధ్యలో ఎవరు విన్నారు, లైన్ ఎంతసేపు నిలిచింది, ఇదే గొడవ. నేను ముప్పై ఏళ్లకు పైగా చేసిన పనే తెరమీద కనిపిస్తుంటే చూడకుండా ఎలా ఉంటాను? ఇప్పుడు సత్యనారాయణపురంలో మా అమ్మాయి ఇంటి పై వాటాలో ఉంటున్నాను. సెలవులొస్తే మనవడు, ఇంజినీరింగ్ చదివే వాడి స్నేహితులు, పక్కింటి పిల్లలు మా హాల్లో చేరతారు. వాళ్లతో చూసి చూసి నేర్చుకున్న పద్ధతి ఇది.

ముందు ఏడాది చెప్పండి, ఆ ఏడాది మనకేం లేదో చెప్పండి

"ఇది 1995 సినిమా" అని చెప్పి ఊరుకుంటే లాభం లేదు. 2005లో పుట్టిన పిల్లలకి 1995 అయినా 1975 అయినా ఒకటే. ఆ ఏడాది మన ఊళ్లో ఏముంది, ఏం లేదు అన్నది చెబితేనే వాళ్లకి పట్టు దొరుకుతుంది.

సాండ్రా బుల్లక్ నటించిన "ది నెట్" సంగతే తీసుకోండి. ఇల్లు కదలకుండా పనిచేసుకునే ఒక ప్రోగ్రామర్ కథ. ఆ అమ్మాయి ఇంటర్నెట్‌లోనే పిజ్జా తెప్పించుకుంటుంది. ఆ సీన్ వచ్చినప్పుడు మా హాల్లో పిల్లలెవరూ తలెత్తి కూడా చూడలేదు. ఇందులో వింతేముంది వాళ్లకి? అప్పుడు సినిమా ఆపి ఈ తేదీలు చెప్పాను. ఆ సినిమా అమెరికాలో 1995 జూలై 28న విడుదలైంది. జూలై 31న కలకత్తా నుంచి జ్యోతిబసు, ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌కి చేసినది మన దేశంలో మొదటి మొబైల్ కాల్. ఆగస్టు 15న అప్పటి ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది, అదీ పెద్ద నగరాల్లో. మూడు వారాలు తిరగకుండా ఈ మూడూ జరిగాయి. ఆ రోజుల్లో బెజవాడలో దూరపు చుట్టంతో మాట్లాడాలంటే వీధి చివర పసుపు బోర్డు ఉన్న ఎస్టీడీ బూత్‌కి వెళ్లాలి. రాత్రి బాగా పొద్దుపోయాక పావు రేటు పడుతుందని అక్కడ జనం నిలబడి ఉండేవారు. ఎదురుగా మీటర్ తిరుగుతుంటే అమ్మని "ఎలా ఉన్నావే" అని అడగడానికి కూడా సెకన్లు లెక్కపెట్టుకునేవాళ్లం.

ఇది విన్నాక మావాడి స్నేహితుడొకడు "మామ్మ గారూ, ఆ పిజ్జా సీన్ ఒకసారి వెనక్కి పెట్టండి" అన్నాడు. ఏడాది చెప్పడం అంటే ఇదీ. ఐదు నిమిషాలు చాలు, అంతకు మించి క్లాసు పీకకండి.

టెన్షన్ ఎక్కడుందో చూపించండి

పాత థ్రిల్లర్‌లో టెన్షన్ యంత్రం చేసే పనిలో ఉండదు, అది చేయలేని పనిలో ఉంటుంది. ఆ లోటు ఏమిటో తెలియకపోతే ఇప్పటి ప్రేక్షకుడికి సీను చప్పగా అనిపిస్తుంది. దీనికి మంచి ఉదాహరణ, అన్ని సినిమాల్లోనూ వచ్చే ఆ సీను. కిడ్నాపర్ ఫోన్ చేస్తాడు, పోలీసు "ఇంకాస్త మాట్లాడించండి, ఇంకాస్త" అని చేత్తో సైగ చేస్తుంటాడు. చివరి క్షణంలో అవతల ఫోన్ పెట్టేస్తారు. పిల్లలు నవ్వుతారు. నంబరు స్క్రీన్ మీద పడుతుంది కదా, మాట్లాడించడం దేనికి?

అక్కడ నేను కచ్చితంగా సినిమా ఆపుతాను. ఎందుకంటే ఆ సీను అబద్ధం కాదు. నేను చేరిన రోజుల్లో ఎక్స్ఛేంజ్ అంటే స్ట్రౌజర్. ఒక పెద్ద గది, అందులో వరసలు వరసలుగా ఇనుప ర్యాక్‌లు, వాటి నిండా సెలెక్టర్లు. మీరు ఇంట్లో ఒక అంకె డయల్ చేస్తే, ఆ అంకెకి తగినన్ని మెట్లు ఇక్కడ ఒక సెలెక్టర్ టకటకా పైకి ఎక్కుతుంది. ఎక్కి, పక్కకి తిరిగి, ఖాళీగా ఉన్న తర్వాతి సెలెక్టర్‌ని వెతికి పట్టుకుంటుంది. రెండో అంకె ఆ రెండో దాన్ని కదిలిస్తుంది. ఆఖరున ఫైనల్ సెలెక్టర్ ఉంటుంది. చివరి రెండంకెల్లో మొదటిదానికి అది పైకి ఎక్కుతుంది, రెండోదానికి పక్కకి తిరుగుతుంది. అప్పుడు మీ చుట్టాల ఇంట్లో గంట మోగుతుంది. పనివేళల్లో ఆ గదిలో నిలబడితే మాట వినపడేది కాదు, వందల సెలెక్టర్లు ఒకేసారి ఎక్కి దిగుతుండేవి.

అందులో ఎక్కడా ఎవరు చేశారన్నది రాసి ఉండదు. దొంగ కాల్ ఎక్కడిదో పట్టుకోవాలంటే మెకానిక్ కాల్ అందుకున్న ఇంటి లైన్ దగ్గర మొదలుపెట్టి, ఏ ఫైనల్ సెలెక్టర్ దాన్ని పట్టుకుని ఉందో చూసి, దానికి ముందు ఏది, దానికి ముందు ఏది అని ర్యాక్ నుంచి ర్యాక్‌కి వెనక్కి నడుచుకుంటూ పోవాలి. టార్చిలైటు పట్టుకుని, నిచ్చెన లాక్కుంటూ. చేసినవాడు ఫోన్ పెట్టేశాడా, సెలెక్టర్లన్నీ వదిలేసి మొదటి చోటికి వచ్చేస్తాయి. దారి మొత్తం చెరిగిపోతుంది. ఇంకో ఎక్స్ఛేంజ్ నుంచి వచ్చిన కాల్ అయితే అక్కడి మెకానిక్‌ని కూడా పరిగెత్తించాలి. "ఇంకాస్త మాట్లాడించండి" అనడానికి కారణం ఇది. డిజిటల్ ఎక్స్ఛేంజీలు వచ్చాక ఆ నంబరు కాల్ కలవక ముందే రికార్డు అవుతుంది. అందుకే ఆ తర్వాతి సినిమాల్లోనూ అదే సీను పెడితే మాత్రం పిల్లలు నవ్వడంలో తప్పులేదు.

ఈ సంగతి ఒక్కసారి చెప్పి చూడండి. తర్వాత సినిమాలో అలాంటి సీను వచ్చినప్పుడు పిల్లలే ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. మావాడైతే "అమ్మమ్మా, మెకానిక్ ఎన్నో ర్యాక్ దగ్గరున్నాడంటావ్?" అని అడుగుతాడు.

మొదటి సినిమాగా "వార్‌గేమ్స్" పెట్టండి

1983 జూన్ 3న విడుదలైన "వార్‌గేమ్స్" కన్నా మంచి మొదలు నాకు తెలిసి లేదు. సియాటిల్‌లో ఒక స్కూలు కుర్రాడు, ఇంకా మార్కెట్లోకి రాని వీడియో గేముల కోసం వెతుకుతూ, పొరపాటున అమెరికా అణ్వాయుధాల కంప్యూటర్‌లోకి దూరతాడు. కథ ఇంతే. పిల్లలకి హీరో తమ వయసువాడు, అది సగం పని చేసేస్తుంది.

ఇందులో ఫోన్ రిసీవర్‌ని రెండు రబ్బరు గిన్నెల్లో బోర్లించే పరికరం కనిపిస్తుంది. కంప్యూటర్ కూసే కూతల్ని రిసీవర్ వింటుంది, అవతలి కూతల్ని పరికరం వింటుంది. అలాంటి మోడెమ్‌ల మామూలు వేగం సెకనుకి 300 బిట్లు, అంటే దాదాపు 30 అక్షరాలు. మీరు వాట్సాప్‌లో పంపే 3 ఎంబీ ఫొటో ఆ లైన్లో వెళ్లాలంటే 27 గంటలు దాటుతుంది. ఈ లెక్క పిల్లల చేతే కట్టించండి, ఫ్లాపీని చూసి వచ్చిన నవ్వు అక్కడితో ఆగిపోతుంది. కుర్రాడి కంప్యూటర్ ఒక ఊళ్లోని నంబర్లన్నిటికీ వరసగా డయల్ చేస్తూ, ఎక్కడ ఇంకో కంప్యూటర్ పలుకుతుందో వెతుకుతుంది. ఈ పద్ధతికి "వార్ డయలింగ్" అన్న పేరు ఈ సినిమా వల్లే వచ్చింది. ఇవాళ ఇంటర్నెట్‌లో తలుపు తెరిచి ఉన్న యంత్రాల కోసం వెతికేవాళ్లు చేసేది కూడా ఇదే పని, వేగం తప్ప తేడా లేదు.

పిల్లల చేత తప్పనిసరిగా గమనింపజేయాల్సిన సీను ఇంకొకటి ఉంది. ఆ కుర్రాడు స్కూలు కంప్యూటర్‌లోకి వెళ్లి మార్కులు దిద్దుతాడు. ఎలా వెళ్లాడు? పెద్ద తెలివేం లేదు. ఆఫీసు బల్లకి ఒక కాగితం అంటించి ఉంటుంది, మారిన పాస్‌వర్డ్‌లన్నీ దాని మీద వరసగా రాసి, పాతవి కొట్టేసి ఉంటాయి. తను ఏదో తప్పు చేసి శిక్షకి పిలిపించుకున్నప్పుడల్లా ఆ కాగితం చూసుకుని వస్తాడు. నలభై ఏళ్లు దాటినా ఈ సీనుకి ఒక్క ముడత పడలేదు. సినిమా అయ్యాక మా ఇంటి వైఫై రూటర్ వెనకాల అంటించి ఉన్న చీటీని పక్కింటి అమ్మాయి చూపించింది.

దీన్ని చూసినవాళ్లలో అమెరికా అధ్యక్షుడు రీగన్ ఒకరు. విడుదలైన మర్నాడే క్యాంప్ డేవిడ్‌లో చూశారు. కొద్దిరోజులకి సైన్యాధికారులున్న సమావేశంలో, ఇలాంటిది నిజంగా జరుగుతుందా అని సైన్యాధిపతుల కమిటీకి పెద్ద అయిన జనరల్ వెస్సీని అడిగారు. ఆయన వారం రోజుల తర్వాత వచ్చి, పరిస్థితి మనం అనుకున్నదానికన్నా చాలా ఘోరంగా ఉందని చెప్పారు. 1984 సెప్టెంబరులో కంప్యూటర్ వ్యవస్థల భద్రత మీద 145వ నంబరు జాతీయ భద్రతా ఆదేశం మీద రీగన్ సంతకం చేశారు. ఒక వినోదం సినిమా ప్రభుత్వాన్ని ఇంతగా కదిలించిన సందర్భాలు చాలా తక్కువ. ఈ ముక్క సినిమా మొదట్లో చెప్పకండి, అయ్యాక చెప్పండి. ముందే చెబితే పాఠంలా కూర్చుంటారు.

ఎక్కడ నవ్వొచ్చు, ఎక్కడ నవ్వకూడదు

పాతదంతా గొప్పదని నేను అనను. వార్‌గేమ్స్ క్లైమాక్స్‌లో కంప్యూటర్ క్షిపణుల కోడ్‌ని ఒక్కొక్క అక్షరమే పట్టుకుంటుంది. మొదటిది దొరికింది, రెండోది దొరికింది అంటూ తెర మీద నిలబడిపోతుంటాయి. చూడటానికి ఉత్కంఠగా ఉంటుంది, కానీ మంచి తాళం ఏదీ అలా పనిచేయదు. సూట్‌కేస్ నంబరు లాక్‌లో ఒక్కో చక్రం సరైన అంకె దగ్గరికి రాగానే క్లిక్ మని చెప్పేస్తే ఇక అది తాళం ఎలా అవుతుంది? ఆ కోడ్‌లో 10 స్థానాలున్నాయి. ఒక్కో చోట 26 అక్షరాలు, 10 అంకెలు కలిపి 36 అవకాశాలు. సినిమాలో చూపించినట్టు ఒక్కొక్కటే తేలితే మహా అయితే 360 ప్రయత్నాలు. మొత్తం కోడ్ ఒకేసారి సరిపోవాలంటే దాదాపు 36 కోట్ల కోట్ల అవకాశాలు. మావాడి స్నేహితులు ఇది కాగితం మీద వేసుకున్నాక, ఏ సినిమాలో అక్షరాలు ఒక్కొక్కటే పచ్చగా మారినా వెంటనే పట్టేస్తున్నారు. ఇలాంటి చోట్ల నవ్వనివ్వండి. తెలిసి నవ్వే నవ్వు సినిమాకి చెడుపు చేయదు.

ఫొటోని పెద్దది చేసే కొద్దీ కొత్త వివరాలు పుట్టుకొచ్చే సీన్లు కూడా అంతే. కెమెరా పట్టుకోని వివరం ఫొటోలో ఉండదు. ఇప్పుడు ఏఐతో ఫొటోని స్పష్టంగా చేసే యాప్‌లు ఉన్నాయి కదా అని పిల్లలు అంటారు. అవి లేని వివరాన్ని ఊహించి గీస్తాయి, అది సాక్ష్యం కాదు. ఇది గట్టిగా చెప్పండి.

తెలియక నవ్వే చోట మాత్రం ఆపాలి. 1993లో వచ్చిన "జురాసిక్ పార్క్"లో చిన్నపిల్ల కంప్యూటర్ ముందు కూర్చుని, పెట్టెల మీదుగా ఎగిరిపోతున్నట్టున్న తెరని చూసి ఇది యూనిక్స్ (కంప్యూటర్‌ని నడిపించే ఒక ఆపరేటింగ్ సిస్టమ్) అని గుర్తుపడుతుంది. ఇది దర్శకుడి కల్పన అని అందరూ నవ్వుతారు. కాదు, అది సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీ నిజంగా తయారుచేసిన ప్రోగ్రామే, ఫైళ్లని అలా మూడు కొలతల్లో చూపించేది. నాకు ఇది చెప్పింది మా మనవడే.

విన్నవాళ్ల కథ

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే ఈ సినిమా నాకు దగ్గరిది. 1974లో ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా తీసిన "ది కాన్వర్సేషన్". ఆ ఏడాది కాన్ చిత్రోత్సవంలో అగ్ర బహుమతి దానిదే. జీన్ హ్యాక్‌మన్ ఇందులో ఇతరుల మాటలు రహస్యంగా రికార్డు చేసి అమ్మే నిపుణుడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక రద్దీ కూడలిలో ఒక జంట మాట్లాడుకుంటూ గుండ్రంగా నడుస్తుంటారు. వేరువేరు చోట్ల నుంచి మైకులు పెట్టి వాళ్ల మాటలు పట్టుకుంటారు. తర్వాత అతను తన వర్క్‌షాప్‌లో టేపుల్ని పక్కపక్కన తిప్పుతూ, ఒక దాంట్లో మింగేసిన మాటని ఇంకో దాంట్లోంచి తెచ్చి కలుపుతాడు. వెనక వాయిద్యాల హోరు కింద పడి ఉన్న ఒక వాక్యం మెల్లగా పైకి తేలుతుంది. ఆ వాక్యంలో ఒత్తు ఏ మాట మీద పడిందన్న దాని మీదే మొత్తం కథ నిలబడి ఉంది.

ట్రంక్ బోర్డు ముందు మాకు ఒక కీ ఉండేది. లైన్ కలిశాక మాట సరిగ్గా వెళ్తోందా లేదా చూడటానికి ఆ కీ వేసి వినవచ్చు. విన్నది బోర్డు దాటి బయటికి పోకూడదు, అది నియమం. గుంటూరు అంటే మిర్చి, పొగాకు. సీజన్‌లో వ్యాపారులు బొంబాయికి, ఢిల్లీకి అర్జెంట్ కాల్స్ బుక్ చేసేవారు, మరీ అవసరమైతే ఎక్కువ డబ్బు కట్టి లైట్నింగ్ కాల్. వాళ్లు మాట్లాడేవి క్వింటాలు రేట్లు. ఒక కమీషన్ వ్యాపారి బ్రాడీపేటలో మా ఇంటికే వచ్చి, "ఫలానా ఆయనకి బొంబాయి పార్టీ ఎంత చెప్పాడో ఒక్క మాట చెప్పమ్మా" అని అడిగాడు. మా నాన్నగారు ఆయన్ని మర్యాదగా గుమ్మం దాకా సాగనంపారు. వినగలిగినవాడి చేతిలో ఎంత బరువు ఉంటుందో నాకు అప్పుడు అర్థమైంది. ఆ సినిమాలో హ్యాక్‌మన్ ముఖంలో ఆ బరువు కనిపిస్తుంది. నేను చేసేది యంత్రం పని, మాటల సంగతి నాకెందుకు అనుకుంటూ బతికినవాడు మెల్లమెల్లగా ఎలా కుంగిపోతాడో చూడండి.

ఈ సినిమా పిల్లలకి మొదటిరోజే పెట్టకండి. నెమ్మదిగా నడుస్తుంది, తుపాకులు లేవు. రెండు మూడు సినిమాలు అయ్యాక, ఫోన్లన్నీ ఒక పళ్లెంలో పెట్టించి, ఫ్యాన్ తగ్గించి, వీలైతే మంచి స్పీకర్లతో పెట్టండి. టీవీకి ఉండే చిన్న స్పీకర్లలో దీని ప్రాణం పోతుంది. నేను గవర్నర్‌పేటలో ఒక సౌండ్‌బార్ కొన్నది ఈ ఒక్క సినిమా కోసమే. ఒకే టేపుని మళ్లీ మళ్లీ వినిపిస్తుంటే విసుక్కోకుండా, ప్రతిసారీ మనకి వినపడేది మారిందేమో చూడమని చెప్పండి.

దీనికి జతగా మర్నాడు 1998 నాటి "ఎనిమీ ఆఫ్ ది స్టేట్" పెట్టండి. విల్ స్మిత్ లాయరు, అతని వెంట నిఘా సంస్థ పడుతుంది. అందులోనూ హ్యాక్‌మన్ ఉన్నాడు, నిఘా విద్య తెలిసిన ముసలివాడిగా. నిఘా సంస్థ ఫైలులో అతని పాత ఫొటో చూపిస్తారు, అది ది కాన్వర్సేషన్‌లోదే. పిల్లలు ముందురోజు ఆ సినిమా చూసి ఉంటే అక్కడ కేక వేస్తారు. ఉపగ్రహం ఒక మనిషిని వీధి వీధికీ వదలకుండా వెంటాడే సీన్లు అప్పటికి సాధ్యం కాదు, ఆ మాట చెప్పండి. కానీ ప్రభుత్వం జనం ఫోన్ రికార్డుల్ని మూకుమ్మడిగా సేకరించడం అన్నది 2013లో, అమెరికా నిఘా సంస్థకి పనిచేసిన స్నోడెన్ బయటపెట్టిన రహస్య పత్రాలతో తెలిసింది. ఉపగ్రహం అబద్ధమైంది, మిగతాది నిజమైంది. కొత్తగా చూసేవాళ్లకి ఈ సినిమా ఇప్పుడే ఎక్కువ భయం పుట్టిస్తుంది.

"స్నీకర్స్"ని మాత్రం వదలొద్దు

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే 1992లో వచ్చిన "స్నీకర్స్". రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ నాయకత్వంలో ఒక చిన్న బృందం, కంపెనీల భద్రతని పరీక్షించడం వాళ్ల పని. ఏ రహస్య సంకేతాన్నయినా విప్పే ఒక చిన్న పెట్టె చుట్టూ కథ తిరుగుతుంది. అందులో గణిత శాస్త్రజ్ఞుడు ఉపన్యాసం ఇచ్చే సీనుకి సాయం చేసింది లెనార్డ్ ఆడెల్‌మన్. 1977లో పుట్టిన ఆర్‌ఎస్‌ఏ సంకేత పద్ధతిలో "ఏ" అంటే ఆయనే. తన భార్యకి రెడ్‌ఫోర్డ్‌ని కలిసే అవకాశం ఇస్తే చాలు అని ఒప్పుకున్నారట, ఆ సంగతి ఆయనే రాశారు.

ఆ పెట్టె అప్పట్లో కల్పన. రెండేళ్లకే, 1994లో, పీటర్ షోర్ అనే గణితవేత్త పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ అంటూ ఉంటే ఆర్‌ఎస్‌ఏని విప్పేయవచ్చని చూపించాడు. అలాంటి కంప్యూటర్ వస్తే ఎలా అని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో కొత్త సంకేత ప్రమాణాలు ప్రకటించింది. మావాడు కాలేజీలో ఆర్‌ఎస్‌ఏ చదువుతున్నప్పుడే ఈ సినిమా చూపించాను. మర్నాడు వాడు తన పుస్తకం తెచ్చి ప్రధాన సంఖ్యల లెక్క నాకు చెప్పాడు, నాకూ అర్థమైంది.

దీన్ని చూసేటప్పుడు కంప్యూటర్ల కన్నా మనుషుల్ని చూడమని చెప్పండి. కాపలా ఉన్న తలుపు దాటడానికి వాళ్లు వాడిన ఆయుధం ఒక కేకు, బెలూన్లు, డెలివరీ అబ్బాయి పెట్టిన రభస. కాపలావాడు గాభరాపడి బటన్ నొక్కేస్తాడు. గొంతుని గుర్తుపట్టే తలుపు కోసం ఒక ఉద్యోగి చేత కావలసిన మాటలన్నీ మాటల్లో పెట్టి పలికించి, రికార్డు చేసి, ముక్కలు అతికిస్తారు. 1992లో అది ఒక రాత్రంతా పట్టిన పని. ఇవాళ కొద్ది సెకన్ల గొంతు దొరికితే ఏఐ మిగతాది పలికేస్తుంది. ఈ సీను అయ్యాక మేం ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. డబ్బు అడుగుతూ ఎవరి గొంతుతో ఫోన్ వచ్చినా, పెట్టేసి, మన దగ్గరున్న నంబరుకి మనమే తిరిగి చేయాలి.

అందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది చూపులేని విస్లర్ పాత్ర. కారు డిక్కీలో పడేసి తీసుకెళ్లిన మనిషి విన్న శబ్దాల్ని బట్టి, రోడ్డు అతుకుల మీద చక్రం చప్పుడుని బట్టి, కారు ఏ వంతెన మీదుగా పోయిందో అతను చెబుతాడు. ఇది అతిశయోక్తి అని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. మా ఆపరేటర్లకి ఏ లైన్ ఏ హోరు పెడుతుందో తెలుసు. రైల్వే స్టేషన్ పక్క బూత్ నుంచి వచ్చిన కాల్ అయితే వెనక అనౌన్స్‌మెంట్ వినపడేది. చెవి నేర్చుకుంటే అంత పనీ చేస్తుంది.

ఎవరికి ఏది, ఎలా

కాలేజీ పిల్లలకి వార్‌గేమ్స్, తర్వాత స్నీకర్స్. స్కూలు పిల్లలకి వార్‌గేమ్స్ చాలు. మా వయసువాళ్లు, ఇంట్లో ఒంటరిగా ఉండే ఆడవాళ్లు ఉంటే వాళ్లతో ది నెట్ చూడండి. సినిమాగా అది మిగతా వాటికన్నా బలహీనమే, విలన్లు అట్టబొమ్మల్లా ఉంటారు. కానీ రికార్డుల్లో ఒక మనిషి పేరు మార్చేస్తే బ్యాంకు, హోటలు, పోలీసు ఎవరూ ఆమె మాట నమ్మరు. ఆ నిస్సహాయత ఇవాళ సిమ్ పోగొట్టుకున్నవాళ్లకీ, ఓటీపీ చెప్పి మోసపోయినవాళ్లకీ బాగా తెలుసు. ఆ సినిమా అయ్యాక డిజిటల్ అరెస్ట్ మోసం గురించి మాట్లాడండి. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో కూడా దీని గురించి హెచ్చరించారు. వీడియో కాల్‌లో అరెస్టు చేసే చట్టం మన దేశంలో లేదు. సైబర్ మోసం జరిగితే ఫోన్ చేయాల్సిన నంబరు 1930, దాన్ని అందరి ఫోన్లలోనూ సేవ్ చేయించాకే టిఫిన్లు పెట్టండి.

సబ్‌టైటిల్స్ తప్పకుండా పెట్టండి, ఇంగ్లీషు వచ్చినవాళ్లకి కూడా. పాత సినిమాల్లో మాటలు సంగీతం కింద నలిగిపోతాయి. మధ్యలో ఆపడం రెండుసార్లకి మించొద్దు. ఆపాల్సిన చోట్లు మీరు ముందే ఒకసారి చూసి గుర్తుపెట్టుకోండి. ఇంటర్వెల్ మాత్రం ఇవ్వండి, మన ఊరి ప్రేక్షకుడికి అది అలవాటు. వీధి చివర బండి నుంచి వేడి పునుగులు తెప్పిస్తే ఆ పది నిమిషాల్లోనే అసలు చర్చ అంతా జరుగుతుంది. కథ ముందే చెప్పేసేవాణ్ణి దూరంగా కూర్చోబెట్టండి.

సినిమా అయ్యాక ప్రతి ఒక్కరినీ ఒకే ప్రశ్న అడగండి: ఇందులో యంత్రం వల్ల జరిగిందేమిటి, మనిషి వల్ల జరిగిందేమిటి? వార్‌గేమ్స్‌కి మా పిల్లలు వేసిన జాబితాలో బల్లకి అంటించిన కాగితం, కొడుకు పేరునే పాస్‌వర్డ్‌గా పెట్టుకున్న ప్రోగ్రామర్, కంప్యూటర్ మాటని మారుమాట లేకుండా నమ్మిన అధికారులు మనిషి వైపు పడ్డారు. యంత్రం వైపు దాదాపు ఏమీ మిగల్లేదు. స్నీకర్స్‌కి ఇదే ప్రశ్న వేసి చూడండి, జాబితా ఇంకా పెద్దదవుతుంది.